కారు చక్రములు కడుగుతుండగా



మేము తిరిగే పల్లెలన్నీ నల్లరేగడి నేలలలో, కాలువ గట్ల వెంబడి ఉన్నవి. వానాకాలము కూటము ముగించుకొని ఇల్లు చేరేసరికి మా పాత కారు చక్రములకు మట్టి అట్టలు కట్టి ఉంటుంది. శనివారము సాయంత్రము వాటిని కడుగుట మాకు అలవాటు.

మొదట్లో తెలియక పాడుచేశాము. మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ పోస్తే ముందు చక్రముల నలుపు ఇట్టే పోతుందని ఒకరు చెప్పగా పోశాము. నలుపుతోపాటు వెండి రంగూ పోయింది. నెల తిరగకముందే ఒక రిమ్ముకు తుప్పు పట్టింది. ఆ నలుపు ఉత్త మట్టి కాదు, బ్రేకు నొక్కినప్పుడల్లా ప్యాడ్లూ ఇనుప డిస్కూ అరిగి రాలే పొడి. వెనుక బ్రేకులు డ్రమ్ములో మూసి ఉంటాయి గనుక ఆ చక్రములు అంతగా నల్లబడవు.

ఇప్పుడు కారును నీడలో నిలిపి, చక్రములు చల్లారిన తరువాతనే నీళ్లు కొడతాము. ఇసుక పోయాక షాంపూ నీళ్లు, మెత్తని బ్రష్షు. నట్ల సందులకు పాత టూత్ బ్రష్షు. చక్రముల గుడ్డ వేరుగా ఉంచాలి. దానితో తలుపులు తుడిస్తే గీతలు పడతాయి. (మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పామో!) చివరకు కారును మెల్లగా నడిపి, నాలుగుసార్లు బ్రేకు నొక్కి తడి ఆరనిస్తాము.

2019 డిసెంబరులో కుటుంబమంతా మారేడుమిల్లి ఘాటు దాటి చింతూరు వెళ్లవలసి ఉంది. ముందు దినము కడుగుతుండగా వెనుక ఎడమ చక్రము లోపలి వైపు జిడ్డుగా, రంగు బొబ్బలెక్కి కనిపించింది. గ్రీజు అనుకున్నాము. కాని ఉత్త నీళ్లకే పోయింది. గ్రీజు అలా పోదు గదా! తెల్లవారి చూస్తే మరల తడి. బానెట్టు ఎత్తితే డబ్బాలో బ్రేకు ఆయిలు గీత కిందికి దిగి ఉంది. మా ఇంటావిడ అప్పటికే ఎక్కి కూర్చున్న పిల్లలను దింపేసింది.

మెకానిక్కు డ్రమ్ము విప్పి, "అయ్యగారండీ, సిలిండరులో రబ్బరు పోయిందండి. లైనింగు కూడా తడిసిపోయింది. దీంతో ఘాటు దిగుదామనుకున్నారా?" అన్నాడు. మేము మాట్లాడలేదు.

వెనుక సిలిండర్లూ లైనింగులూ మార్పించాము. చింతూరుకు మాత్రము బస్సులోనే వెళ్లాము. తుప్పు పట్టిన ఆ రిమ్ముకు ఇంకా రంగు వేయించలేదు.