అల కన్నా ముందు అడుగును చూడండి

మణికొండకు సముద్రం దగ్గరేమీ కాదు. బాపట్ల వద్ద ఉన్న సూర్యలంక తీరానికి వెళ్ళాలన్నా రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. అయినా ఈ మధ్య మా అపార్టుమెంటు లిఫ్టులో సర్ఫింగ్ మాట తరచుగా వినవస్తున్నది. వరుస సెలవులు దొరికితే విశాఖపట్నమో, చెన్నై దగ్గరి కోవళమో, కర్ణాటకలోని ముల్కీయో వెళ్ళి, బోర్డు మీద నిలబడి అల మీద జారే విద్య నేర్చుకుంటున్నారు సాఫ్ట్‌వేర్ యువకులు. అమెరికాలో అన్నదమ్ములో స్నేహితులో ఉన్నవారు మరొక అడుగు ముందుకు వేసి, మధ్య అమెరికాకు ప్రయాణం కడుతున్నారు.

మా పై అంతస్తులోని ఒక యువకుడు గత ఏడాది అటువంటి జాబితాతోనే నా వద్దకు వచ్చాడు. టెక్సస్‌లో ఉన్న మిత్రులతో కలిసి పది రోజుల యాత్ర. కోస్టారికాలో తమరిందో, నొసారా, పావోనెస్; ఎల్ సాల్వడార్‌లో పుంటా రోకా; పనామాలో సాంటా కతలీనా. "డాక్టర్ అంకుల్, ఏయే టీకాలు వేయించుకోవాలి?" అన్నది అతని ప్రశ్న. టీకాల సంగతి తరువాత, ముందు ఈ ఊళ్ళను ఎలా ఎంచుకున్నావని అడిగాను. ఫొటోలు చూసి ఎంచుకున్నాడట. ఆ ఫొటోలలో నీళ్ళు, ఆకాశం, కొబ్బరిచెట్లు ఉన్నాయి. నీళ్ళ అడుగున ఏమున్నదో ఒక్కదానిలోనూ లేదు.

తొలిసారి సర్ఫింగ్‌కు వెళ్ళేవారు చూడవలసినది ఆ అడుగునే. సముద్రంలో ఎత్తుగా లేచిన అల, లోతు తగ్గిన చోటికి వచ్చి విరుగుతుంది. ఆ చోట అడుగున ఇసుక ఉంటే పడినవాడికి దెబ్బ తగిలినా చర్మం గీసుకుపోయే దాకానే పోవచ్చు. రాయి ఉంటే అదే పాటు తల పగలడమో, మెడ ఎముక విరగడమో అవుతుంది. పుంటా రోకా అన్న పేరుకు అర్థమే రాతి కొమ్ము. సాంటా కతలీనాలో అల విరిగేది అగ్నిపర్వత శిలల మీద. పావోనెస్ అల ఎడమవైపుకు చాలా దూరం సాగే అలగా ప్రపంచ ప్రసిద్ధమైనది కాని, అది చేయి తిరిగినవారి అల. పైగా ఆ ఊరు దేశపు దక్షిణపు కొసన, పనామా సరిహద్దుకు దగ్గరగా ఉంది. పెద్ద ఆసుపత్రికి చేరడానికి ఎంత సమయం పడుతుందని అడిగితే అతడు ఫోనులో వెదకసాగాడు. బయలుదేరే ముందే తెలిసి ఉండవలసిన విషయమది. తమరిందో, నొసారా తీరాలలో ఇసుక అడుగు ఉంది. అల నడుములోతు నీళ్ళలోకి నురగగా వస్తుంది, కాళ్ళు నేలకు ఆనుతాయి. అన్నట్లు తమరిందో అంటే స్పానిష్‌లో మన చింతే. ఇంత దూరం వెళ్ళి చింతచెట్టు పేరున్న ఊళ్ళో దిగమనడం నాకే కొంచెం నవ్వు తెప్పించింది.

రెండవది అలల వ్యవధి. అల ఎత్తు గురించి అందరూ అడుగుతారు. ఒక అలకూ మరొక అలకూ మధ్య ఎన్ని సెకన్లు అన్నది అడిగేవారు తక్కువ. లోతైన నీళ్ళలో ఎనిమిది సెకన్ల అల పొడవు సుమారు వంద మీటర్లు. పదిహేను సెకన్ల అల పొడవు మూడు వందల యాభై మీటర్లు. ఎత్తు రెండింటికీ ఒకటే అయినా, రెండవది తీరానికి మోసుకువచ్చే బలం చాలా ఎక్కువ. మధ్య అమెరికా పసిఫిక్ తీరానికి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దక్షిణార్ధగోళపు చలికాలపు తుపానులు పుట్టించిన దీర్ఘమైన అలలు వేల కిలోమీటర్లు దాటి వస్తాయి. అవి అనుభవజ్ఞులకు పండుగ. మనవంటి కొత్తవారికి డిసెంబరు నుంచి మార్చి వరకు ఉండే పొడి కాలం మేలు. అప్పుడు అలలు చిన్నవి, గాలి ఒడ్డు నుంచి వీస్తూ అలను నున్నగా ఉంచుతుంది, వానలు ఉండవు. సముద్రం లేని మన హైదరాబాదులోనే, ప్రగతినగర్ దగ్గర, భారతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నదని, మన దేశపు తీరాలకు అలల ఎత్తు, వ్యవధి ముందుగా చెప్పేది ఆ సంస్థేనని చాలామందికి తెలియదు. విశాఖకో ముల్కీకో వెళ్ళేవారు దాని సూచన చూసి బయలుదేరడం మంచిది.

ఇక నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణమైన విషయం. సర్ఫర్ల మైలోపతీ అని ఒక అరుదైన జబ్బు ఉంది. 2004లో హవాయి వైద్యులు దీనిని ప్రత్యేకంగా గుర్తించి వర్ణించారు. ఇది దెబ్బ తగిలి వచ్చేది కాదు. బోర్డు మీద నుంచి పడనివారికి కూడా వస్తుంది. ఎక్కువగా వచ్చేది తొలిసారి బోర్డు ఎక్కిన ఆరోగ్యవంతులైన యువతీయువకులకే. కొత్తవారు అల కోసం ఎదురుచూస్తూ బోర్డు మీద బోర్లా పడుకుని, ఛాతీ, తల పైకెత్తి, వెన్నును విల్లులా వెనక్కి వంచి చాలాసేపు ఉంటారు. ఆ భంగిమలో వెన్నుపాముకు రక్తం అందించే నాళాలు ఒత్తిడికి గురై రక్తప్రసారం తగ్గిపోవడమే కారణమని భావిస్తున్నారు. మొదట నడుములో హఠాత్తుగా నొప్పి. తరువాత కాళ్ళు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, మూత్రం రాకపోవడం. ఇదంతా కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటలలోపు జరుగుతుంది. కొందరు పూర్తిగా కోలుకుంటారు. కొందరికి కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడిపోతాయి.

ఆ యువకుడి దినచర్య ఏమిటో నాకు తెలుసు. ఉదయం పదింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి అమెరికా వారితో మాటలు ముగిసే దాకా లేవడు. ముందుకు వంగి గట్టిపడిన వెన్ను అది. దానిని ఒక్కరోజున రెండు గంటల పాటు వెనక్కి వంచి ఉంచడమంటే, తుప్పు పట్టిన మడతబందును బలవంతంగా తెరవడమే. దానికి తోడు ఒక పగలు, ఒక రాత్రి విమానాలలో గడిపి, సరిగా నీళ్ళు తాగక, దిగిన మరునాడే సముద్రంలోకి దూకడం. అందువల్లనే నడుములోతు నీళ్ళున్న తీరాన్ని ఎంచుకోమంటాను. అక్కడ బోర్డును పట్టుకుని నిలబడి ఎదురుచూడవచ్చు. అల వచ్చినప్పుడు మాత్రమే పడుకుంటే చాలు. లోతైన చోట ఆగవలసివస్తే బోర్డు మీద కాళ్ళు చెరోవైపు వేసి కూర్చోవాలి. దిగిన మొదటిరోజు విశ్రాంతి, నీళ్ళు. సముద్రంలో ఉండగా నడుము నొప్పి మొదలైతే "ఇంకొక్క అల" అనుకోకుండా ఒడ్డుకు రావాలి. కాళ్ళలో తిమ్మిరి గాని బలహీనత గాని కనిపిస్తే హోటలులో పడుకుని చూద్దామనుకోవద్దు. ఎం.ఆర్.ఐ. ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. తమరిందో నుంచి విమానాశ్రయమున్న లిబేరియా పట్టణానికి కారులో గంటా గంటన్నర. కోస్టారికాలో అత్యవసర ఫోను 911.

మరి ఈత? అపార్టుమెంటు కొలనులో రెండు చుట్లు వేయగలనన్నాడు. కొలనులో ఈత వేరు, సముద్రంలో ఈత వేరు. నేను విశాఖలో వైద్యం చదువుకున్న రోజులలో సముద్రం ఒడ్డుకు తోసిన యువకులను చూశాను. వారిలో ఈత వచ్చినవారూ ఉన్నారు. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పోతూ ఇరుకైన పాయలా లాగుతుంది, దానినే రిప్ కరెంట్ అంటారు. దానికి ఎదురీదినవాడు అలసిపోయి మునుగుతాడు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. అలల మధ్య నీరు ప్రశాంతంగా కనిపించే చోటే ఒక్కొక్కసారి ఆ పాయ ఉంటుంది, కొత్తవారు సరిగ్గా అక్కడే దిగుతారు. విశాఖలో ఆర్.కె. బీచ్ చూడడానికి ఎంత అందమైనదో దిగడానికి అంత ప్రమాదకరమైనది. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన ఋషికొండలో శిక్షకుల వద్ద నేర్చుకునే వీలున్నది. మధ్య అమెరికాకు టికెట్టు కొనే ముందు అక్కడ నాలుగు రోజులు గడిపి రమ్మన్నాను. వెన్ను ఎంత ఓర్చుకుంటుందో, భుజాలు ఎంతసేపు తెడ్డు వేయగలవో అక్కడే తెలిసిపోతుంది. భాష మనది, ఇల్లు ఒక రాత్రి రైలు దూరం. ముల్కీలో 2004 నుంచే సర్ఫింగ్ నేర్పుతున్నారు, అదీ మంచిదే. కోవళం అనేటప్పుడు మాత్రం చెన్నై దగ్గరిదా, కేరళలోనిదా అని రెండుసార్లు చూసుకుని టికెట్టు తీయండి.

అతడు నవంబరులో ఋషికొండ వెళ్ళివచ్చి, జాబితాలో మూడు ఊళ్ళు కొట్టివేసి, జనవరిలో తమరిందో, నొసారా మాత్రం ఉంచుకున్నాడు. ఆ రెండు ఊళ్ళకూ రెండు జాగ్రత్తలు చెప్పాను. తమరిందో ఉత్తరపు కొసన నది సముద్రంలో కలిసే చోట మొసళ్ళు ఉంటాయి, ఆ వైపు పోకూడదు. వానలు పడినప్పుడు ఏ నదీముఖమైనా మురుగును మోసుకువస్తుంది కనుక ఒకటి రెండు రోజులు దూరంగా ఉండాలి. ఇసుక అడుగున టెంకి చేపలు దాగి ఉంటాయి, పాదాలను ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అవి తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే, కాలిపోనంత వేడి నీళ్ళలో పాదం ముంచి ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. తరువాత వైద్యునికి చూపించాలి. చామనచాయ చర్మం కాలదనుకోవడం పొరపాటు. జింక్ ఆక్సైడ్ లేపనం ముక్కుకూ చెవులకూ కూడా రాయాలి.

అతడు మొదట అడిగిన టీకాల విషయం. డెంగీ అక్కడా ఉన్నది కనుక దోమల మందు తప్పనిసరి. టెటనస్ టీకా తాజాగా ఉండాలి. పనామా మీదుగా వెళ్ళేవారు పసుపు జ్వరం టీకా సంగతి మరువరాదు. పనామా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నందున, టీకా పత్రం లేకుండా అక్కడి నుంచి ఆరు రోజులలోపు మన దేశంలో దిగినవారిని విడిగా ఉంచే నియమం ఉంది. ఆ టీకా హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పత్రం చెల్లుబాటు అయ్యేది టీకా వేసిన పది రోజుల తరువాత, అందుచేత ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వెళ్ళాలి.