21 నంబరు పానా

సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర జరిగింది రాయమన్నారు తెలుగు టీచరు. అందరూ ముగ్గుల గురించి రాస్తున్నారు. నేను ఒక నట్టు గురించి రాస్తాను. నవ్వకండి.

మాది సుగాలీల తాండా. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంటుంది. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా మామకు ఒక పాత జీపు ఉంది. డిసెంబరులో ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి మూటలు వేసుకొని పోతూ ఉంటే గుంతలో పడి వెనక కమాను పట్టీ విరిగింది. అన్నిటికన్నా పైనుండే పెద్ద పట్టీ. అది విరిగితే బండి ఒక పక్కకు ఒరిగిపోతుంది.

2025 జనవరిలో, కనుమ రోజు దాన్ని మార్చడానికి కూర్చున్నాం. మరుసటి రోజు తెల్లవారి 5 గంటలకు మా యాడి ఎమ్మిగనూరులో లారీ ఎక్కాలి. యాడి అంటే మా మాటలో అమ్మ. ఆమెతో ఇంకా ఏడుగురు. గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి. పత్తి అయిపోయినాక మా వానపంట చేలల్లో పని ఉండదు, ఏటా పోతారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి పోకుండా కుదరదు. ఆ పొద్దున మా తాండాలో పోయే బండి జీపు ఒక్కటే.

కమాను కట్టను ఇరుసుకు రెండు యూ బోల్టులతో బిగిస్తారు. వాటికి కింద నాలుగు నట్లు. బురదా నీళ్ళూ ఎప్పుడూ అక్కడే కొడతాయి, తుప్పు పట్టేస్తాయి. మధ్యాహ్నమే డీజిలు పోసి నానబెట్టాం. మూడు నట్లు 21 నంబరు రింగు పానాతో వచ్చినాయి. చీకటి పడింది. మామ జీపు కింద నుంచి చెయ్యి చాపి "ఇరవై ఒకటి ఇయ్యి పాపా" అన్నాడు. మామకు అంకెలు చదవడం రాదు. పగలైతే చూపుతోనే ఏ పానా ఏదో చెప్తాడు. రాత్రి కాబట్టి చదువుకునే పిల్లను నమ్మినాడు. సంచిలో 20-22 పానా ఒకటి, 21-23 పానా ఒకటి ఉన్నాయి. అంకెలు తుప్పులో మాసిపోయినాయి. 2 కనపడింది. పక్క అంకె సరిగ్గా చూడలేదు. 22 వైపు ఇచ్చాను.

ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటాం. కానీ పానా వదులైతే నట్టు పక్కలను పట్టుకోదు, మూలల మీదనే ఒత్తుతుంది. మామ పానాకు ఇనుప పైపు తొడిగి కాలితో తన్నాడు. పానా గిర్రున తిరిగింది. నట్టు తిరగలేదు. ఆరు మూలలూ అరిగి గోలీ మాదిరి అయ్యింది. మామ నట్టును తిట్టాడు. నేను పానాను తుడిచి చూస్తే 22. నోరు మూసుకున్నాను.

ఆ తరువాత 21 పెట్టినా జారింది. ఉలి ఆనించి ఎడమ వైపుకు కొట్టాడు. చెక్కు లేచింది గానీ కదలలేదు. నట్టునే పగలగొడదామంటే వేరే నట్టు లేదు. పండగ రాత్రి ఎమ్మిగనూరులో ఏ కొట్టు తెరుస్తారు?

పదకొండు గంటలకు యాడి వచ్చి సెల్లు లైటు పట్టుకుంది. అప్పటికే బొంత, గిన్నెలు మూట కట్టి వాకిట్లో పెట్టింది. ఇక్కడ నిజం రాయాలి. ఆ మూటను చూసినాక, ఈ నట్టు రాకపోతే బాగుండు అనిపించింది. రాకపోతే యాడి రేపు పోదు. నేను హాస్టలుకు వచ్చేదాకా నాతోనే ఉంటుంది.

నట్టు పక్కలను ఆకురాయితో రాసి చిన్న పానా పట్టిద్దామన్నాడు మామ. నోరు తెరిచినట్టుండే పానా ఒకటి తీసి పెట్టి చూసుకున్నాడు. అది 17. దానికి సరిపోవాలంటే ఒక్కో పక్క రెండు మిల్లీమీటర్లు రాయాలి, తెల్లవారిపోతుంది. 19 అయితే ఒక్కో మిల్లీమీటరు చాలు. 19 పానా సంచి అడుగున ఉందని నాకు తెలుసు. కొంచెం సేపు చెప్పలేదు. యాడి లైటును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ ఉంది. తీసి ఇచ్చాను. ఈసారి మూడు సార్లు చదివి ఇచ్చాను.

గంటన్నర రాశాం. నేనూ రాశాను. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి తెచ్చేటప్పుడు లేపాలి. 19ని సుత్తితో తట్టి కూర్చోబెట్టి, పైపు తొడిగి, ముగ్గురమూ మెల్లగా తోశాం. తన్నలేదు. కిర్రుమని ఇంత కదిలింది.

అప్పుడు 22 సంగతి చెప్పాను. మామ ఆ రింగులో బొటనవేలు పెట్టి తిప్పి, "నేనైనా వేలు పెట్టి చూసుకోవాల్సింది" అన్నాడు. యాడి ఏమీ అనలేదు. రెండో సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

కొత్త పట్టీ వేసి అదే నట్టును 19తోనే బిగించాం. ఎమ్మిగనూరులో కొత్తది వేసుకుంటానన్నాడు మామ. కొంత దూరం నడిచినాక నాలుగూ మళ్ళీ బిగించాలంట. నాలుగున్నరకు జీపు కదిలింది. జాగా లేదని నన్ను ఎక్కించుకోలేదు. యాడి మార్చి ఆఖరుకు వస్తానంది. ఇప్పుడు ఫిబ్రవరి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని