నేల విడిచి సాము

గరిడీలు మూతబడ్డాయి గాని గరిడీ మాటలు మన నాలుకమీద మిగిలాయి. సాము చేసేవాడికి కాలికింద మట్టి గట్టిగా ఉండాలన్న అనుభవంలోంచి వచ్చింది "నేల విడిచి సాము" అనే నుడి. బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక ఈ మాట నాకు తరచు పనికొస్తూనే ఉంటుంది. కిందటేడు అది మా ఇంటి గడపలోకే వచ్చింది.

మా చెల్లెలి కొడుక్కి ఇరవై ఏడేళ్ళు. బి.టెక్. చదివి, భువనేశ్వర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో నాలుగేళ్ళు చేసి, ఆ ఉద్యోగం విడిచి బరంపురం వచ్చేశాడు. రోజూ రెండు గంటలు వ్యాయామం చేసే అలవాటున్న కుర్రాడు. దేశంలో చాలాచోట్ల శాఖలున్న ఒక జిమ్ కంపెనీ మన ఊళ్ళో ఫ్రాంచైజీ ఇస్తానంటోందనీ, మొత్తం 90 లక్షలవుతుందనీ చెప్పాడు. అందులో 50 లక్షలు బ్యాంకు అప్పు. 25 లక్షలు మా బావ పోయినప్పుడు చెల్లెలికి వచ్చిన సొమ్ము. డిపాజిట్లలో ఉంది, ఆ వడ్డీతోనే ఆమె ఇల్లు గడుస్తోంది. మిగతా 15 లక్షలు మావయ్య వంతు, అంటే నాది. ముద్రా పథకంలో మొదటిసారి అప్పు తీసుకునేవాడికి 10 లక్షలు దాటి రాదు. 50 లక్షలు కావాలంటే బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి. ఆ తనఖా గిరి రోడ్డు వెనుక మా చెల్లెలుంటున్న ఇల్లు.

వాడి ఆలోచన తీసిపారేయదగ్గది కాదని ముందే చెప్పాలి. వ్యాయామం మనవాళ్ళకు దిగుమతి సరుకు కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా ఉండి, ఆపైన సర్కసుతో దేశదేశాలు తిరిగిన కోడి రామమూర్తి నాయుడుగారు 1942లో కన్నుమూసింది మన ఒడిశాలోని బలంగీర్‌లోనే. ఈ ఊరి అఖాడాలలో దండీలు, బస్కీలు తీసినవారి మనవలు ఇప్పుడు జిమ్ములకు వెళుతున్నారు. చక్కెరవ్యాధి వచ్చిందని డాక్టరు చెబితే వెళ్ళేవాళ్ళు మరికొందరు. గిరాకీ ఉంది.

ఫ్రాంచైజీ అనేదీ మోసం కాదు. ఏ యంత్రం ఎక్కడ పెట్టాలో, శిక్షకులకు ఏం నేర్పాలో, చందా లెక్కలు ఎలా రాయాలో తెలియని కొత్తవాడికి అవన్నీ తయారుగా దొరుకుతాయి. ఇతరులు దెబ్బలు తిని నేర్చుకున్న విద్యకు మనమిచ్చే ధర ఆ ఫీజు. మావాడి వాదమూ అదే: "నాకు తెలీదు కాబట్టే మావయ్యా, తెలిసినవాళ్ళ దగ్గర కొంటున్నాను." ఈ వాదానికి ఎదురు చెప్పడం తేలిక కాదు.

ఒప్పందం నకలు 46 పేజీలు, అంతా ఇంగ్లీషు. మా చెల్లెలు తెలుగు బడిలో చదువుకుంది, బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడుతుంది, ఇంగ్లీషు రాదు. "సంతకం పెట్టమన్నచోట పెడతాను. ముందు అదేటో తెలుగులో చెప్పు అన్నయ్యా" అంది. రెండు ఆదివారాలు కూర్చుని చెప్పాను. ఫ్రాంచైజీకి నాకు తెలుగు మాట దొరకలేదు. మాట లేకపోవడం ఒకందుకు మేలైంది, విషయమే చెప్పవలసి వచ్చింది.

"వాళ్ళ పేరు వాడుకున్నందుకు 12 లక్షలు. దానిమీద 18 శాతం పన్నుతో 14,16,000. తిరిగి రాదు."

"ఎన్నాళ్ళకి?"

"అయిదేళ్ళకి. తరవాతా కావాలంటే మళ్ళీ కట్టాలి. ఇది కాక నెలనెలా నూటికి ఏడు రూపాయలు రాయల్టీ."

"లాభంలోనా?"

"కాదు, వసూలులో. నష్టమొచ్చినా ఇవ్వాల్సిందే. యంత్రాలు వాళ్ళు చెప్పిన చోటే కొనాలి. రెండు కిలోమీటర్ల లోపల ఇంకొకరికి ఈ పేరు ఇవ్వరు."

"అంటే మూడో కిలోమీటర్లో ఇస్తారన్నమాట."

మధ్యలో మానుకుంటే రెండేళ్ళు ఈ ఊళ్ళో ఏ జిమ్మూ పెట్టకూడదని ఒక షరతు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఇలాంటి కట్టడిని సాధారణంగా చెల్లనివ్వదు. కాని ఆ మాట కోర్టులో అనిపించుకోవలసింది మనం. తగవు వస్తే మధ్యవర్తి ఢిల్లీలో. ప్రచార పుస్తకంలో పేజీపేజీకీ మమ్మల్ని "పార్టనర్" అన్నారు. ఒప్పందంలో మాత్రం ఇరుపక్షాలూ పార్టనర్లు కారని చెప్పడానికే ఒక క్లాజు ఉంది.

అంతా విని మా చెల్లెలు, "అయితే బోర్డు వాళ్ళది, బాడుగ మనది. ఇది మునిగితే వాళ్ళకి పోయేదేటి?" అంది. నా బి.కామ్. పుస్తకాలలో ఏదీ విషయాన్ని ఇంత పొట్టిగా చెప్పలేదు.

తరువాత మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కాగితంమీద లెక్క వేశాను. నాలుగు వేల చదరపు అడుగులకు నెల అద్దె 1,40,000. జీతాలు 1,20,000. కరెంటు 50,000. మరమ్మతులు, ప్రచారం 40,000. అప్పు 50 లక్షలకు 11 శాతం చొప్పున ఏడేళ్ళ వాయిదా 85,600. మొత్తం 4,35,600. సభ్యుడు నెలకు సగటున వెయ్యి రూపాయలిస్తాడనుకుందాం. జిమ్ చందామీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతమైంది. మంచిదే, కాని మనం యంత్రాలమీదా ఫీజుమీదా కట్టిన పన్నును అందులో మినహాయించుకునే సౌకర్యం పోయింది. వెయ్యిలో పన్ను పోగా 952. రాయల్టీ, దానిమీద పన్ను కలిసి 79. చేతికందేది 873. అంటే ఖర్చులకు సరిపోవడానికే 500 మంది చందాదారులు కావాలి, ప్రతి నెలా. ఇందులో మావాడికి ఒక్క రూపాయి జీతం లేదు. తల్లి పోగొట్టుకునే వడ్డీ లేదు.

న్యాయంగా మరో లెక్కా వేశాను. అదే జిమ్ పేరు కొనకుండా పెడితే ఎందరు కావాలి? రాయల్టీ మిగిలి, ఫీజు అయిదేళ్ళకు పంచితే, తేడా డెబ్బై మంది. కంపెనీ పేరు చూసి అదనంగా డెబ్బై మంది వస్తే ఆ పేరు గిట్టుబాటే. రాకపోతే కాదు. మహానగరంలో ఊరికి కొత్తగా దిగినవాడు బోర్డు చూసి చేరతాడు. బరంపురం లాంటి ఊళ్ళో శిక్షకుణ్ణి చూసి చేరతారు. అతను పక్క వీధికి మారితే వెంట వెళతారు.

కొత్తవాళ్ళకు తెలియక దెబ్బతగిలేది ఇంకొకటుంది. జనవరిలో జనం ఏడాది చందా 12,000 ఒకేసారి కడతారు. పెట్టె నిండుతుంది. ఆ సొమ్ము ఆదాయం కాదు, అప్పు: పన్నెండు నెలల సేవ బాకీ ఉన్నాం. నెలకు వెయ్యి చొప్పున సంపాదించుకోవలసిన డబ్బును ఫిబ్రవరిలోనే ఖర్చుపెడితే సెప్టెంబరు అద్దెకు చెయ్యి చాచాలి. లెక్కల పుస్తకంలో ఏ పక్క రాయాలన్న చిన్న తేడా ఇది, కాని జిమ్ములు మూతబడేది తరచు ఇక్కడే.

పెద్ద పేరు ఉంటే చాలుననుకోవడానికీ లేదు. అమెరికాలో 1992లో టెక్సస్ రాష్ట్రం హార్లింజెన్‌లో ఆడవారికోసం మొదలైన కర్వ్స్ సంస్థ ఫ్రాంచైజీలతో పది వేల శాఖల దాకా పెరిగి, ఆ తరువాత కొన్నేళ్ళలోనే వేలాది శాఖలు మూసుకుంది. మన దేశంలో 1932 నుంచి పేరున్న తల్వాల్కర్స్ వారి కంపెనీ 2010లో షేర్ మార్కెట్టుకు వచ్చి, 2019లో బాకీలు తీర్చలేకపోయింది. 2020 మార్చి 25న మూసిన జిమ్ములను తెరవడానికి కేంద్రం ఒప్పుకున్నది ఆగస్టు 5 నుంచి. జిమ్ మూతబడిందని అద్దె, వాయిదా తమంతట తాము ఆగవు.

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాడు, సంతకానికి కనీసం 14 రోజుల ముందు తన వివరాలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన ఉంది. మానుకుని వెళ్ళిపోయిన వారి పేర్లు కూడా అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. కనుక అడగవలసింది మనమే. కంపెనీ చూపించే శాఖలను కాదు, వదిలేసినవాళ్ళను వెతికి అడగాలి.

మావాడికి వద్దని చెప్పలేదు. నా 15 లక్షలు ఉన్నాయనే చెప్పాను. ఇల్లు మాత్రం తనఖాలోకి రాదన్నాను. ఆరు నెలలు ఏదో ఒక జిమ్ములో జీతానికి చేరి, బల్ల దగ్గర కూర్చుని డబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో చూసి రమ్మన్నాను. వాడికి కోపం వచ్చింది. "మావయ్య అందరి పిల్లలకీ అప్పిస్తాడు, నాకు తప్ప" అని తల్లితో అన్నాడట. మూడు వారాలు మా గుమ్మం తొక్కలేదు. మేనమామకు ఆ మాట ఎలా ఉంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

డిసెంబరులో తనంతట తానే ఆస్కా రోడ్డులో ఒక చిన్న జిమ్ములో చేరాడు. తెల్లవారుజామున అయిదింటికి తలుపు తీయాలి, జీతం 12,000. జనవరిలో చేరినవాళ్ళలో సగం మంది మార్చికి కనబడలేదని మొన్న చెప్పాడు. ట్రెడ్‌మిల్లు బాగుచేసే మనిషి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో కూడా చెప్పాడు. ఫ్రాంచైజీ వదిలేసిన ఇద్దరితో ఫోనులో మాట్లాడాడట. ఒకాయన తిట్టాడు, ఒకాయన మళ్ళీ తీసుకుంటానన్నాడు. ఈ రెండో మాటనూ దాచకుండా చెప్పినందుకు నాకు వాడిమీద గౌరవం పెరిగింది.

ఈ నెలాఖరుకు ఆరు నెలలు నిండుతాయి. అప్పుడు మళ్ళీ ముగ్గురం కూర్చుంటాం. ఈసారి ఒప్పందం నేను చదవను. వాళ్ళమ్మకు వాడే తెలుగులో చెప్పాలి.