గ్రనాడా సందుల్లో ఒక పలకరింపు

స్పెయిన్ దేశపు గ్రనాడా నగరంలో అల్బైసీన్ అనే పాతబస్తీ ఒక కొండవాలు మీద ఉన్నది. దానికి ఎదురుగా మరొక కొండపై ఎర్రని అల్‌హంబ్రా కోట. రెండింటి నడుమ లోయలో దార్రో అనే సన్నని ఏరు. సున్నం వేసిన తెల్లని గోడలు, గులకరాళ్లు పరచిన ఇరుకు సందులు, ప్రహరీల మీదుగా తొంగిచూసే దానిమ్మ కొమ్మలు. గ్రనాడా అనే మాటకు స్పానిష్ భాషలో దానిమ్మ అనే అర్థం. తోటతో కూడిన ఇంటిని ఇక్కడ ‘కార్మెన్’ అంటారు. ద్రాక్షతోట అనే అర్థమున్న ‘కర్మ్’ అనే అరబ్బీ పదం నుండి వచ్చిన పేరది.

ఆ బస్తీలోనే మా అమ్మాయి కాపురం. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నది. మూడు నెలల వీసాతో నేను గుంటూరు నుండి వెళ్లాను. వెళ్లేముందు ఎనిమిది నెలల పాటు ఇంట్లో కూర్చుని స్పానిష్ పాఠాలు చదివాను. క్రియారూపాలన్నీ నోటుపుస్తకంలో తప్పులేకుండా వ్రాయగలను. కానీ అరవై యొక్కటవ ఏట ఆ సందులోకి అడుగుపెట్టేసరికి నా నోరు పెగలలేదు.

కారణం నాకు తెలుసు. ముప్పై ఏళ్లపాటు పిల్లల తప్పుల కింద ఎర్రసిరాతో గీతలు గీసిన ఉపాధ్యాయురాలిని. ఎవరో నా మాట కింద అలాంటి గీత గీస్తారేమోనన్న భయం నన్ను పట్టుకున్నది. దుకాణానికి వెళితే వస్తువు వైపు వేలు చూపేదానను. ఎవరైనా ఎదురైతే తలవంచుకుని నడిచేదానను.

ఎదురింట్లో ఒక వృద్ధురాలు ఉండేది. ప్రతి ఉదయం గుమ్మం కడుగుతూ నన్ను పలకరించేది. పుస్తకంలో నేను ‘బ్వేనోస్ దీయాస్’ అని నేర్చుకున్న శుభోదయం ఆమె నోట ‘బ్వేనో దీయా’ అని వినిపించేది. నాకు సరిగా అర్థం కాలేదేమోనని బదులివ్వక, చిన్నగా తల ఊపి తప్పుకునేదానను. ఇలా ఇరవై రోజులు గడిచాయి.

ఒక సాయంత్రం అమ్మాయి నా పక్కన కూర్చుని మెల్లగా అన్నది: “అమ్మీ, ఎదురింటి ఆవిడ నన్ను అడిగారు. మీ అమ్మగారికి మా మీద కోపమా అని.”

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత కూడా నాకు నిద్ర పట్టలేదు. ఎవరైనా పలకరిస్తే అంతకన్నా మంచి మాటతో, కనీసం అదే మాటతో బదులివ్వాలని చిన్ననాడే నేర్చుకున్న ఇంటిదానను. తప్పు దొర్లుతుందన్న బెరుకుతో ఒక పెద్దావిడ మనసు నొప్పించాను. నేను సిగ్గు అనుకున్న దానిలో నా పరువును గురించిన చింత ఎంత ఉన్నదో అప్పుడు తెలిసింది.

మా అత్తగారు గుర్తుకు వచ్చారు. యాభై ఏళ్లు దాటాక, మనుమల పక్కన కూర్చుని ఆమె ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్నారు. పిల్లలు నవ్వినా ఆగలేదు. తడబడుతూ, కష్టపడి ఖుర్ఆన్ పఠించేవారికి రెండు పుణ్యఫలాలు ఉన్నాయని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసును ఆమె తరచు చెప్పేవారు. ఆ శుభవార్త దైవగ్రంథ పారాయణానికి సంబంధించినది. స్పానిష్ పాఠానికి దానిని అన్వయించే సాహసం నేను చేయను. కానీ తడబాటును చిన్నచూపు చూడరాదన్న మర్యాదను మాత్రం నేను ఆమె వద్దనే నేర్చుకుని, నా విషయంలోనే మరిచాను.

మరునాడు ఆ వృద్ధురాలు చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడగానే, ఆమెకన్నా ముందు నేనే పలకరించాను. గొంతు వణికింది. ఆమె చీపురు పక్కన పెట్టి రెండు చేతులతో నా చేయి పట్టుకున్నది. ఏదో గడగడా చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మాయి నేర్పిన వాక్యం అన్నాను: ‘మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్’. దయచేసి కాస్త నెమ్మదిగా అని అర్థం. నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడిన వాక్యం అదే. ఈ ప్రాంతంవారు మాట చివరి ‘స్’ను మింగివేస్తారని ఆమెతో మాట్లాడుతూనే గ్రహించాను. పుస్తకంలో ఉన్నట్టు ఆ వీధిలో ఎవరూ మాట్లాడరు!

ఆనాటి నుండి రోజుకొక వాక్యం ఇంట్లో బిగ్గరగా పదిసార్లు అనుకుని, బయట ఒక్క మనిషితోనైనా అనేదానను. తప్పులకు కొదవలేదు. ఒకనాడు కూరగాయల సంచితో మెట్లెక్కి ఆయాసపడుతూ, అలసిపోయాను అనడానికి ‘కన్సాదా’ అనబోయి ‘కసాదా’ అన్నాను. దానికి పెళ్లయినది అని అర్థం. వృద్ధురాలు పకపక నవ్వి, ఆ రెండూ ఒకటేలెమ్మని అన్నది. ఇద్దరమూ మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాము. నేనెంతో భయపడిన తప్పు మా ఇద్దరినీ దగ్గర చేసింది.

మాటలు పెరిగేకొద్దీ పరిచయస్తులు కనిపించసాగారు. మన జైతూన్ కాయ అక్కడ ‘అసేయితూనా’. నారింజ ‘నరాంఖా’. ఖాజీ అనే అరబ్బీ పదం ‘అల్కాల్దే’ అయి, నేడు నగరాధ్యక్షుడి హోదాకు పేరైనది. పేరు తెలియని మనిషిని మనం ఫలానా అంటాము, వారు ‘ఫులానో’ అంటారు. రెండూ అరబ్బీ ‘ఫులాన్’ సంతానమే.

అల్బైసీన్ కొండపైన 2003లో ప్రారంభమైన మసీదు ఉన్నది. అస్ర్ నమాజు తరువాత దాని తోటలో కూర్చుని ఎదుటి అల్‌హంబ్రాను చూస్తుంటే ఆ మాటల వెనుక ఉన్న దుఃఖం మనసుకు తగిలేది. 1492 జనవరి 2న గ్రనాడా ముస్లిముల చేజారింది. అటుపై బలవంతంగా మతం మార్చబడినవారిని, వారి సంతతిని మొరిస్కోలు అన్నారు. 1567లో రెండవ ఫిలిప్ రాజు శాసనం వారికి మూడేళ్ల గడువు ఇచ్చింది. ఆలోగా కాస్తీలియన్, అంటే నేటి స్పానిష్, నేర్చుకోవాలి. ఆ తరువాత ఇంటా బయటా అరబ్బీ మాట్లాడరాదు, వ్రాయరాదు. ఫ్రాన్సిస్కో నూన్యెస్ ముళేయ్ అనే వృద్ధ మొరిస్కో ప్రముఖుడు, ముసలివారికి కొత్త భాష ఎలా పట్టుబడుతుందని అధికారులకు విన్నవించాడు. ఆ విన్నపం ఫలించలేదు. 1609లో మొదలుపెట్టి మొరిస్కోలను దేశం నుండే వెళ్లగొట్టారు. అదే కొండ మీద, అదే భాష ముందు నిలిచిన వృద్ధులు వారు. వారిది శిక్షాభయం. నన్ను శిక్షించేవారు లేరు. నా తప్పుకు దక్కినది ఒక నవ్వు, ఒక గ్లాసు నీళ్లు. దానికా నేను ఇరవై రోజులు నోరు మూసుకున్నది?

తిరుగు ప్రయాణపు ఉదయం వృద్ధురాలు గుమ్మంలోకి వచ్చింది. మళ్లీ వస్తానని నాకు వచ్చిన స్పానిష్‌లో చెప్పాను. క్రియారూపం తప్పిందని అంటుండగానే తెలిసింది, దిద్దుకోలేదు. ఆమె నన్ను హత్తుకుని ‘ఓహలా’ అన్నది. అలాగే జరగాలి అన్న కోరికను తెలిపే మాట అది. అల్లాహ్ తలిస్తే అనే అరబ్బీ పలుకు నుండే పుట్టినది. ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో! నేను మాత్రం మనసులో ఇన్ షా అల్లాహ్ అనుకున్నాను.

సోదరీమణులారా! పిల్లల వద్దకు పరదేశం వెళ్లి నాలుగు గోడల మధ్య మౌనంగా కూర్చున్న తల్లులు మనలో ఎందరో ఉన్నారు. భాష అంతా వచ్చాక మాట్లాడుదామని ఆగకండి. పొరుగువారి పలకరింపుకు ఒక్క మాటతో బదులివ్వండి. మిగిలిన మాటలు దాని వెంటే వస్తాయి.