చెరువు గట్టు మీద

2025 ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలొచ్చాయి. కైకలూరు దగ్గర మా బాబాయ్ కొడుకు బైపీసీ. ఫిజిక్స్ పోయింది. హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే, "పడుకున్నాడ్రా, లేపకు" అన్నాడు బాబాయ్.

నాకు 2015 గుర్తొచ్చింది. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ మొదలైన ఏడాది. అందులో సీటొచ్చే ర్యాంకు నాకు రాలేదు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. నెల రోజులు మాట్లాడలేదు, అంతే. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ మేమిద్దరం ఆ ఊసెత్తం.

మర్నాడు తెల్లారకముందే బాబాయ్ వాణ్ణి చెరువు దగ్గరికి తీసుకెళ్లాడట. ఆ వేళకి నీళ్లలో ఆక్సిజన్ తగ్గి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. ఏరేటర్లు తిప్పి, ఎండొచ్చాక తవుడు సంచులు కట్టి, ఇద్దరూ గట్టు మీద టీ తాగారు. మార్కుల మాట రాలేదు. వాడే అన్నాడట, "నీట్ వద్దు నాన్నా, ఫిషరీస్ చదువుతా" అని.

బాబాయ్ మొహం మాడిపోయి ఉంటుంది. ఈ చెరువుల పాట్లు వాడికి వద్దనే కదా చదివిస్తున్నది! "ముందు మేలో సప్లిమెంటరీ గట్టెక్కు" అని మాత్రం అన్నాడట.

ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. చాలాసేపు వానల గురించీ, మేత ధర గురించీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగాడు:

"ఒరేయ్, ఆ ఫిషరీస్ కాలేజీ ఉన్న ముత్తుకూరు, నెల్లూరికి ఎంత దూరంరా?"