మొర్రిపప్పు క్రీము, తునికి పండ్లు

పరీక్షల టైములో తిండి గురించి రాస్తుండేంది అనుకోకుండ్రి. ఎండాకాలం మన దిక్కు 45 డిగ్రీలు దాటుడు కొత్త కాదు, మధ్యాహ్నం మెస్సులో వేడి అన్నం, నీళ్ల చారు ముందట పెట్టుకుంటే ముద్ద లోపలికి పోదు. అందుకే రాస్తున్న.

ఫోన్‌ల వీడియోలు మీరు కూడా చూసే ఉంటరు. పెద్ద ప్లేటు, చుట్టూ పండ్ల ముక్కలు, నడుమ గిన్నెల తెల్లటి క్రీము, ముంచుకొని తినుడు. స్ట్రాబెర్రీ, కివీ, డబ్బా చీజు. కరీంనగర్ల మేముండే హాస్టల్‌ల గవి కొనేంత పైసలు ఎవరికీ లేవు. కానీ ముంచుకొని తినే పద్ధతి మాత్రం బాగ నచ్చింది. ఊరి నుంచి వచ్చిన దోస్తు సంచి నిండ తునికి పండ్లు తెచ్చిండు. మార్కెట్ల జగిత్యాల దిక్కు మామిడి రాశులు పోసి ఉన్నయ్. రోడ్డు పక్కన తాటి ముంజలు సరేసరి. ఇంకేం కావాలె?

క్రీము కోసం లీటరు బర్రె పాల పెరుగు తెచ్చి, ఉతికిన పల్చటి బట్టల మూటకట్టి రాత్రంత కిటికీ ఊచకు వేలాడదీసినం. కింద గిన్నె పెడితే పొద్దుటికి నీళ్లన్నీ దిగి, మూటల గట్టి ముద్ద మిగిలింది. మన ఆదిలాబాద్‌ల మరాఠీ ఇండ్లల్ల శ్రీఖండ్‌కు చేసేది గిట్లనే. దాంట్ల నానబెట్టి నూరిన సారపప్పు, కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలిపినం. ఫ్రిజ్ లేదు, కాబట్టి గిన్నెను తడి ఇసుకల పెట్టి, మీద తడిబట్ట కప్పినం. రంజన్‌ల నీళ్లు ఎట్ల సల్లగైతయో ఇదీ అట్లనే, తడి ఆరినకొద్దీ గిన్నె సల్లబడుతది.

తునికి పండు బాగ పండిందే తీసుకోవాలె. కొంచెం కచ్చగ ఉన్నా వగరుకు నాలుక మొద్దుబారుతది. మీది తోలు తీసి, లోపలి నల్ల గింజలు తీసేస్తే పసుపుపచ్చ గుజ్జు మిగులుతది. క్రీములకు దీన్ని మించిన పండు లేదని నా లెక్క. మామిడి పుల్లగుంటే ఇంకా మంచిది. ముంజలకు మీది పొర తీసి, తడి తుడిచి ముంచాలె, లేకుంటే క్రీము నీళ్లైతది. పుచ్చకాయ మాత్రం పక్కన ఉత్తగ తినుండ్రి.

ఇగ సారపప్పు సంగతి. దుకాణంల వంద గ్రాముల పొట్లం నూటెనభై రూపాయలు. చేతిల పట్టుకొని చూస్తే తెలిసింది, గిది మన మొర్రి పండు లోపలి పప్పే. చిన్నప్పటి నుంచి నేను ఏరిన గింజ. మా యాయో ప్రతి ఎండాకాలం అంగడికి తీస్కపోయి పొట్టుతోనే అమ్మే గింజ. కొన్నిసార్లు పైసలు కూడా కాదు, ఉప్పుకో ఉల్లిగడ్డకో సోలెకు సోలె కొలిచి ఇచ్చేది. 2020ల కేంద్రం మొర్రి గింజకు కిలోకు 126 రూపాయల మద్దతు ధర పెట్టింది. గా సంగతి మా ఇంట్ల ఎవరికీ తెల్వదు, డిగ్రీకి వచ్చినంక నేను చదివి చెప్పిన. 2006 అటవీ హక్కుల చట్టం కూడా చిన్న అటవీ ఉత్పత్తులను ఏరుకునే హక్కుతో పాటు అమ్ముకునే హక్కు కూడా మనకే ఇచ్చింది.

దుకాణపోళ్లదంత మోసమే అని నేను అనను. గింజ పగలగొట్టుడు మామూలు పని కాదు. నానబెట్టి, రుద్ది గుజ్జు తీసి, ఎండబోసి, విసుర్రాయిల మెల్లగ తిప్పి, చేటల చెరగాలె. గట్టిగ తిప్పితే పప్పు పిండైతది. కిలో గింజకు చేతికొచ్చే పప్పు కొంచెమే. కానీ ఆ పని మా బాపికి వచ్చు, మీ నాయనమ్మలకు కూడా వచ్చు. పని వచ్చినోళ్లు పొట్టుతోనే అమ్ముకుంటున్నరు, పప్పు ధర ఇంకెవరికో పోతున్నది. ఉట్నూర్‌ల ఆదివాసీ ఆడవాళ్ల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతలేదా? మొర్రికి ఎందుకు కాదు?

సెలవులకు పోయినప్పుడు బాపికి పెరుగు క్రీము చెప్తే నవ్వింది. వాళ్ల కాలంల ఆవు పాలు లేగకే అంట, మనుషులు ఎక్కువ తాగకపోదురు. ఆమె మొర్రిపప్పును నీళ్లు చల్లుకుంట రాయి మీద మెత్తగ నూరింది. పాలు లేకుండనే తెల్లగ, చిక్కగ మీగడ లెక్క వచ్చింది. తీపికి ఇప్పపువ్వు ఉడికించిన రసం పోసింది. నిజం చెప్తున్న, హాస్టల్‌ల చేసిందాని కంటె ఇదే బాగుంది. పెరుగు పులుపు పప్పు రుచిని కప్పేస్తది, దీంట్ల అది లేదు.

కానీ తినుటానికి ముందు ఆగమన్నది. కొత్త కాయ దేవతలకు పెట్టకుండ నోట్ల పెట్టొద్దు. మర్కాకు, అంటే మామిడికి, మన దగ్గర ఉన్న పద్ధతే. చిన్నప్పుడు గిదంత ఎందుకు అని విసుక్కునేటోన్ని. ఇప్పుడు చూస్తే, పూజ అయ్యేదాకా ఆగినన్ని రోజులు కాయ చెట్టు మీదనే పండుతుండె, పక్షులు తిని గింజ అడవిల పడుతుండె. ఇప్పుడు ఇంకొకరు తెంపుకపోతరన్న భయానికి పచ్చికాయనే దులుపుతున్నరు, అందకపోతే కొమ్మే నరుకుతున్నరు. పచ్చి గింజల పప్పు సరిగ నిండదు, ధర కూడా రాదు. మా గూడెం దగ్గరి గుట్ట మీద నేను చిన్నగున్నప్పుడు ఎక్కిన మొర్రి చెట్లల్ల ఇప్పుడు మూడే మిగిలినయ్.

ఈ ఏడు యాయో అంగడికి పోయే ముందు నాలుగు సోలెల గింజలు పక్కకు తీసింది. రెండు ఇంటికి, బాపి పగలగొడుతది. ఒకటి హాస్టల్‌కు నాతోని వస్తది. ఇంకొకటి వానలు పడంగనే గుట్ట మీద చల్లుతానికి.