భూతకాలంతో కాపురం

ఇంగ్లీషులో అన్నిటికన్నా సుళువైనది సింపుల్ పాస్ట్ అంటారు. పేరులోనే సింపుల్ ఉంది కదా అని మనవాళ్ళంతా దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. పేరు శాంతమ్మ అయినంత మాత్రాన మనిషి శాంతంగా ఉంటుందని ఎక్కడుంది చెప్పండి!

పైకి చూస్తే మన తెలుగు క్రియే ఎక్కువ చాకిరీ చేస్తుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు అంటూ మనిషిని బట్టి తోక మార్చుకుంటుంది. ఇంగ్లీషువాడికి ఆ బాధ లేదు. రాజుగారొచ్చినా, పనిమనిషొచ్చినా, పిల్లి వచ్చినా 'కేమ్' ఒక్కటే. కానీ ఇక్కడ మిగిల్చిన శ్రమంతా ఇంకోచోట వడ్డీతో వసూలు చేస్తాడు. 'గో'కి భూతకాలం 'గోడ్' అనచ్చుగా? కూడదు, 'వెంట్' అనాలి. ఆ వెంట్ అసలు గో కన్నబిడ్డ కాదు. 'వెండ్' అనే మరో పాత క్రియ సంతానం. సెండ్‌కి సెంట్ ఎలాగో, వెండ్‌కి వెంట్ అలాగ. కొన్ని వందల ఏళ్ళ కిందట గో ఇంటికి దత్తు వచ్చి, అక్కడే స్థిరపడిపోయింది.

ఇక ప్రశ్న వేయాలంటే 'డిడ్' వస్తుంది. మనవాళ్ళు 'డిడ్ యూ వెంట్?' అని అడిగేస్తారు. తెలుగులో 'వెళ్ళావా' అన్న మాటలోనే జరిగిపోయిన సంగతంతా ఉంది కనుక, దాన్ని వదులుకోవడానికి మనసొప్పదు. ఇంగ్లీషులో మాత్రం ఇంటి తాళాలు ఒక్కరి బొడ్లోనే ఉండాలి. డిడ్ అత్తగారు తాళాలు దోపుకున్నాక, వెంట్ కోడలు మళ్ళీ ఉత్త గో అయిపోవలసిందే.

'నిన్న ఆయన్ని చూశాను', 'ఆ సినిమా నేను చూశాను'... మనకి రెండుచోట్లా ఒకటే చూశాను. ఇంగ్లీషులో అలా కుదరదు. నిన్న అని రోజు చెప్పామో, 'సా' అనాలి. ఎప్పుడన్నది చెప్పకుండా, చూశానన్నది మాత్రమే ముఖ్యమైతే 'హావ్ సీన్'. మనం గడియారం వంక అంతగా చూడం. మగవారు స్నానాల గదిలోంచి 'ఇదిగో వచ్చేశా' అని కేకేస్తారు చూడండి, అది ఏ కాలమో ఏ పండితుడు తేలుస్తాడు? క్రియేమో భూతకాలం, రావడమేమో భవిష్యత్తు, మధ్యలో చల్లారిపోయే ఉప్మా మాత్రం వర్తమానం!

ఈ నవ్వులాటంతా ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది. ఆ మాట 'వాజ్'.

మా పక్కవాటాలో ఉండే ఆవిడ ఆమధ్య ఫ్యామిలీ పెన్షన్ అర్జీ ఇంగ్లీషులో రాసిపెట్టమని వచ్చింది. 'మావారు హెడ్ క్లర్కండీ' అంటూ మొదలుపెట్టింది. గమనించారా, ఆ వాక్యంలో క్రియ లేదు. క్రియ లేదు గనక కాలమూ లేదు. ఇంగ్లీషులో ఆ వసతి లేదు. 'ఈజ్' అయినా ఉండాలి, 'వాజ్' అయినా ఉండాలి. 'మై హజ్బెండ్ వాజ్' అని రాశాను.

ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ మాట మీద వేలు పెట్టి, 'ఇదేమిటి వదినగారూ?' అంది.

'ఉండేవారు అని' అన్నాను.

ఆ మూడక్షరాలకేసి చాలాసేపు చూసింది. తర్వాత పమిట చెంగు సర్దుకుని, 'కాయితానికి అలా కావాలి కాబోలు, రాయండి. నన్నెవరైనా అడిగితే మాత్రం మావారు హెడ్ క్లర్కనే చెప్తాను' అంది.

తెలుగు వ్యాకరణం దానికి అడ్డు చెప్పదు. నేనూ చెప్పలేదు.